కారు మనది, సిమ్ ఎవరిది?

కొత్త కారు కొనేటప్పుడు రంగు ఏది కావాలో మనల్ని అడుగుతారు. సీటు కవర్లు అడుగుతారు. "మేడమ్, సన్‌రూఫ్ ఉండేది తీసుకుంటారా?" అని మరీ మరీ అడుగుతారు. కారు లోపల ఒక సిమ్ ఉంటుంది కదా, అది ఏ కంపెనీది కావాలమ్మా అని మాత్రం ఏ షోరూమ్‌లోనూ ఏ ఆడదాన్నీ అడిగినట్టు నేను వినలేదు. మగవాళ్ళనీ అడగరులెండి. ఈ ఒక్క విషయంలో సమానత్వమే!

కారులో సిమ్ ఏంది అనుకునే అక్కల కోసం రెండు మాటలు. 2019 మే నెలలో హ్యుందాయ్ వెన్యూ వచ్చినప్పటి నుంచి మన మధ్యతరగతి కార్లలో కూడా "కనెక్టెడ్ కారు" అనే మాట మొదలైంది. అదే ఏడాది ఆగస్టులో కియా సెల్టోస్ వచ్చింది. అది తయారయ్యేది ఎక్కడో కాదు, మన రాయలసీమలో, పెనుకొండ దగ్గరే. ఈ కార్లలో ఒక చిన్న పెట్టె, దానికి అంటించేసిన ఒక ఇ-సిమ్ ఉంటాయి. కారు ఎక్కడుందో ఫోన్‌లో చూపించడానికీ, ఇంట్లో కూర్చుని ఏసీ వేయడానికీ, ప్రమాదం జరిగితే కబురు పంపడానికీ ఆ సిమ్మే ఆధారం. వెన్యూకు మొదట్లో వొడాఫోన్ ఐడియా సిమ్ పెట్టారు. 2021లో ఎంజీ వాళ్ళు ఆస్టర్ కోసం జియోతో ఒప్పందం చేసుకున్నారు. ఎవరి ఒప్పందం వాళ్ళది. డబ్బు కట్టే మనం ఆ ఒప్పందంలో లేము.

సిటీలో ఉండేవాళ్ళకు ఇదొక సమస్యగా తోచకపోవచ్చు. మా పెద్దపంజాణి వైపు రండి. ఇక్కడ రెండు సిమ్ముల ఫోన్ డాబు కోసం పెట్టుకునేది కాదు. వంటింట్లో ఒకటి పలికితే టమోటా తోట కాడ ఇంకోటి పలుకుతుంది. ముళబాగిలు వైపు నాలుగు మైళ్ళు పోతే కర్ణాటక టవరు పట్టుకుంటుంది. ఏ మలుపులో ఏ సిమ్ పనిచేస్తుందో పాల కేంద్రానికి పాలు తీసుకుపోయే పిల్లోడు కూడా చెప్తాడు. ఇంత లెక్క తెలిసిన మాకు, పది పన్నెండు లక్షలు పోసి కొనే వస్తువులో మాత్రం ఎక్కడో కూర్చున్నవాళ్ళు ఏరిన ఒకే ఒక్క సిమ్!

దీన్ని అమ్మేది ఎవరిని చూపించి అనుకున్నారు? మనల్ని చూపించే. లోపలి అద్దం దగ్గరో, పైకప్పులోనో ఎర్రటి ఎస్‌ఓఎస్ బటన్ ఉంటుంది. "మేడమ్ ఒంటరిగా డ్రైవ్ చేసినా భయం లేదు సార్" అని మా ఆయనతో చెప్పాడు షోరూమ్ అబ్బాయి. నేను పక్కనే ఉన్నా ఆయనతోనే చెప్పాడు, అది వేరే సంగతి. ఆ భయం లేకపోవడానికే పై మోడల్ అన్నారు, లక్షకు పైనే తేడా.

పోయిన ఏడాది మా అత్తమ్మను వేలూరు ఆస్పత్రిలో చూపించుకుని వస్తున్నాం. నడిపేది నేను, వెనక సీట్లో అత్తమ్మ, మా పాప. చిత్తూరు దాటి, బంగారుపాళెం దాటి మొగిలి ఘాట్ ఎక్కుతుంటే టైరు పోయింది. రాత్రి తొమ్మిది దాటింది. ఆ ఘాట్ ఎలాంటిదో మా జిల్లావాళ్ళకు చెప్పక్కర్లేదు, బెంగుళూరు లారీలన్నీ అక్కడి నుంచే దిగుతాయి. బటన్ నొక్కాను. లైటు మినుకుమినుకుమంది, కాసేపటికి ఆరిపోయింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అంతే. నా ఫోన్‌లో రెండో సిమ్‌కు మాత్రం రెండు గీతలున్నాయి. దాంతో పలమనేరులో ఉండే మా చిన్నాన్న కొడుక్కి ఫోన్ చేస్తే ముప్పావు గంటలో మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. అంటే ఆ చోట సిగ్నల్ ఉంది. కారు వాళ్ళు ఏరిన కంపెనీది లేదు, అంతే.

తరువాత ఫిర్యాదు చేస్తే వచ్చిన జవాబు: "అది నెట్‌వర్క్ సమస్య మేడమ్, మా చేతిలో లేదు." మరి నా చేతికి ఇవ్వండి, నేను మార్చుకుంటాను అంటే "అలా కుదరదు మేడమ్." అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటే ఇదే.

మన దేశంలో నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే హక్కు 2011 జనవరి 20 నుంచి అందరికీ ఉంది. సిగ్నల్ లేకపోతే ఒక మెసేజ్ పెట్టి వేరే కంపెనీకి వెళ్ళిపోతాం. వెయ్యి రూపాయల బటన్ల ఫోన్‌కు ఉన్న ఈ హక్కు కారుకు ఎందుకు లేదు? ఎందుకంటే కారు సిమ్‌ను మనం వాడే సిమ్‌గా లెక్కేయరు. అది యంత్రం యంత్రంతో మాట్లాడే సిమ్, దానికి 13 అంకెల నంబరు. దాన్ని తీసుకునేది కంపెనీ. చాలా కార్లలో ఆ ఎర్ర బటన్ నొక్కితే ముందు పోయేది కూడా 112కు కాదు, కంపెనీ కాల్ సెంటర్‌కు.

ఇ-సిమ్ అంటించేసి ఉంటుంది, మార్చలేము అనే మాటను నమ్మకండి. ఇ-సిమ్ కనిపెట్టిందే పీకకుండా మార్చడానికి. ఫోన్‌లో ఇ-సిమ్ అయితే మనమే క్యూఆర్ కోడ్ చూపించి కొత్త కంపెనీని దింపుకుంటాం. కారులో అదే పని కంపెనీ సర్వర్ నుంచి జరగాలి. తాళం వాళ్ళ దగ్గర ఉంది, అంతే తేడా. ట్రాయ్ 2024 మార్చిలో ఇలాంటి ఇ-సిమ్‌ల మీద సిఫారసులు ఇచ్చింది. అందులో కూడా వేరే నెట్‌వర్క్ చేర్చమని అడిగేది వస్తువు తయారుచేసిన కంపెనీయో, సేవ అందించే కంపెనీయో. స్టీరింగ్ పట్టుకున్న మనిషి మాట లేదు.

సాధ్యం కాదా అంటే, 2021లో వచ్చిన బీఎండబ్ల్యూ ఐఎక్స్‌లో కంపెనీ సిమ్‌కు తోడు యజమాని సొంత ఇ-సిమ్ కూడా వేసుకునే ఏర్పాటు పెట్టారు. కోటి రూపాయల కారువాళ్ళకు అయ్యేది మనకెందుకు కాదు? అంత దూరం కూడా వద్దు. మన బస్సులకూ టాక్సీలకూ ఏఐఎస్ 140 నియమం కింద ట్రాకింగ్ పెట్టె, ప్యానిక్ బటన్ పెట్టిస్తున్నారు కదా, ఆ పెట్టెల్లో రెండు కంపెనీల నెట్‌వర్క్ ఉండే ఇ-సిమ్ మామూలు విషయం. ఒకటి పోతే ఇంకోటి అందుకుంటుంది. అద్దె టాక్సీలో ఉన్న జాగ్రత్త మన సొంత కారులో లేదు.

మా ఆయన వాదన ఒకటుంది. "ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసుకో, కారుకు నెట్ వచ్చేస్తుంది, దీనికింత రభసా?" పాటలకూ మ్యాపులకూ అది చాలు, ఒప్పుకుంటాను. కానీ కారు గుద్దుకుని ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు ఫోన్ ఎక్కడుంటుంది? సీటు కింద ఉంటుందో, రోడ్డు మీద ఉంటుందో. అప్పుడు కారు తనంతట తాను కబురు పంపాలి. దానికోసమే కదా ఆ సిమ్! పెద్ద యాంటెన్నా ఉంటుంది కాబట్టి కారుకు ఫోన్ కంటే సిగ్నల్ బాగా అందుతుందని కూడా అంటారు. నిజమే కావచ్చు, ఆ కంపెనీ టవరు ఆ చుట్టుపక్కల ఉంటే!

ఇంకో చిక్కు. కారు పదిహేనేళ్ళు ఉంటుంది, నెట్‌వర్క్ ఉండదు. అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీ ఆపేసినప్పుడు ఎన్నో పాత కార్లలో అత్యవసర కాల్ మూగబోయింది. కారు కదులుతుంది, బటన్ అలంకారం. ఇక్కడా మొదటి మూడేళ్ళు ఉచితం అంటారు, ఆ తరువాత ఏటా కట్టాలి. మా ఇంట్లో పనిచేయని సిమ్‌కు డబ్బు కట్టమని గుర్తుచేసే మెసేజ్‌లు మాత్రం సిగ్నల్ ఉన్నా లేకపోయినా వస్తాయి.

అవి కూడా నాకు రావు, మా ఆయన ఫోన్‌కు వస్తాయి. రోజూ నడిపేది నేనైనా యాప్ ఆయన నంబరు మీదే. నేను పుంగనూరు సంతలో ఉన్నానో, పుట్టింట్లో ఉన్నానో ఆయనకు మ్యాపులో తెలుస్తుంది. మా ఇంట్లో దాంతో గొడవ లేదు. గొడవ ఉండే ఇళ్ళు ఎన్నో మీకూ తెలుసు.

ధరల కాగితంలో ఎక్స్-షోరూమ్, ఇన్సూరెన్స్, రోడ్ టాక్స్ అన్నీ రాస్తారు. సిమ్ ఏ కంపెనీదో, ఎన్నేళ్ళు ఉచితమో, ఆపైన ఏటా ఎంతో కూడా అక్కడే రాయాలి. ఒక కంపెనీ అందని ఊళ్ళో ఇంకోదానికి మార్చమని అడిగే హక్కు కారు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళకు రావాలి. ఎస్‌ఓఎస్ కబురు ఏ టవరు దొరికితే ఆ టవరు మీద పోవాలి. యూరప్‌లో 2018 మార్చి 31 నుంచి కొత్త మోడల్ కార్లకు తప్పనిసరి చేసిన ఇ-కాల్ నేరుగా 112కే పోతుంది, అందుబాటులో ఉన్న ఏ నెట్‌వర్క్ మీదైనా. మన 112 ఏం పాపం చేసింది?

వచ్చే నెల మా తమ్ముడు మదనపల్లెలో కారు బుక్ చేయాలనుకుంటున్నాడు. టెస్ట్ డ్రైవ్ బండిని మా ఊరి దాకా తెమ్మని, మా వీధిలో ఆపి, మా తోట దగ్గర ఆపి, సిగ్నల్ గీతలు చూపించమని చెప్పించాను. "ఇంతవరకు ఎవరూ ఇట్లా అడగలేదు సార్" అన్నారట. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు.