వేలిముద్ర అవ్వ, లియాన్ బిషప్పు

ఐరేనియస్ అనగానే దుర్బోధలను ఖండించిన బిషప్పని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. పల్లె సంఘాల్లోనే వయసు గడిపిన పాస్టరుగా నాకు ఆ మాట చాలదనిపిస్తుంది. ఆయన నిలబడింది చదువురాని విశ్వాసుల పక్షాన.

క్రీ.శ. 177లో, ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియాన్‌లో క్రైస్తవులపై హింస చెలరేగింది. తొంభై దాటిన బిషప్పు పోథినస్ చెరసాలలోనే కన్నుమూశాడు. ఆయన తర్వాత ఆ బాధ్యత ఐరేనియస్‌ది. అప్పటికే వాలెంటినస్ అనే బోధకుడి బోధ రోన్ నదీతీరం దాకా పాకింది. ఈ లోకాన్ని చేసినవాడు పరమదేవుడు కాదనీ, అసలు మర్మం కొద్దిమందికే రహస్యంగా అందిందనీ దాని సారం. ఐరేనియస్ వాలెంటినస్ శిష్యుల రాతలు చదివాడు, వాళ్లతో మాట్లాడాడు. ఆ తర్వాతే, 180 ప్రాంతంలో, ఐదు సంపుటాల జవాబు రాశాడు.

అందులో ఒక పోలిక ఉంది. శిల్పి రత్నాలతో రాజు రూపం పొదిగితే, ఎవడో ఆ రాళ్లనే పెకలించి నక్కలా పేర్చి, ఇదే రాజని నమ్మించాడట. మన ఊళ్లలోనూ ఇదే జరుగుతోంది. వచనాలన్నీ బైబిల్లోవే. అక్కడొకటి ఇక్కడొకటి ఏరి, దేవుడు ఈ సంగతి నాకొక్కడికే చూపించాడని చెప్పే బోధకుల వెంట జనం పోతున్నారు.

అక్షరాలు రాని జాతులు కాగితం, సిరా లేకుండానే సువార్తను గుండెల్లో భద్రపరచుకున్నాయని కూడా ఆయన రాశాడు. అది నేను కళ్లారా చూశాను. మా సంఘంలో ఒక అవ్వ వేలిముద్రే వేసేది. తప్పిపోయిన కుమారుణ్ణి తండ్రి ముందు బాగా మందలించాడని పొరుగూరి నుంచి వచ్చిన బోధకుడు చెబుతుంటే, చాప మీద నుంచే ఆపింది: “లేదు అయ్యగారూ, దూరంగా ఉండగానే చూసి ఎదురు పరిగెత్తాడు గదా!” ఆమెకు ఏ రహస్య జ్ఞానం కావాలి?

అలాగని ఐరేనియస్ ప్రతి తేడాకూ కత్తి దూయలేదు. 190 ప్రాంతంలో ఈస్టర్ తేదీ వివాదంలో రోమా బిషప్పు విక్టర్, వారంలో ఏ రోజైనా ఈస్టర్ ఆచరించే చిన్నాసియా సంఘాలను వెలివేయబోయాడు. ఐరేనియస్ పాటించేది రోమావాళ్లలాగే ఆదివారమే. అయినా వద్దని ఉత్తరం రాశాడు. స్ముర్న బిషప్పు పోలికార్పు, అంతకుముందు రోమా బిషప్పుగా ఉన్న అనికేటస్ ఇదే విషయంలో ఏకీభవించకపోయినా కలిసే ప్రభు భోజనం తీసుకున్నారని గుర్తుచేశాడు. స్ముర్నలో చిన్నతనాన ఆ పోలికార్పు బోధ విన్నవాడే ఐరేనియస్.

నగలు పెట్టుకోవచ్చా, బాప్తిస్మం ఏటిలోనా తొట్టిలోనా అంటూ సంఘాలు చీల్చుకుంటున్నాం మనం. పాస్టర్ల శిక్షణలో ఆయన ఖండనలతో పాటు ఈ ఉత్తరం సంగతీ చెప్పాలని పెద్దలను కోరుతున్నాను.