చిప్సు పొట్లంలో తళుకు

పిల్లలూ! చిప్సు తినేశాక పొట్లాన్ని చించి లోపలివైపు ఎన్నడైనా చూశారా? మొన్న మా మనవడు అది చూపించి, "తాతయ్యా, ఇది వెండా?" అన్నాడు. వెండి కాదు, అల్యూమినియం. అన్నం గిన్నె మూతకు ఆవిరి పట్టినట్టు, పలచని ప్లాస్టిక్ పొరకు అల్యూమినియం ఆవిరి పట్టించారు.

మరి అల్యూమినియాన్ని దేనిలో కాచాలి? చిక్కంతా ఇక్కడే. గాలి తీసేసిన గదిలో కూడా దానికి సుమారు 1,500 డిగ్రీల వేడి కావాలి. ఇనుము 1,538 డిగ్రీలకు తానే కరిగిపోతుంది. టంగ్‌స్టన్ కరగదుగాని, కరిగిన అల్యూమినియం దాన్ని కొరికేస్తుంది. పోనీ, కంసాలి మూసలాంటి మట్టిపాత్ర పెడదామంటే, పాత్రలోనే విద్యుత్తు పారించి కాచాలి గద, మట్టిలో అది పారదు!

నేను బడిలో లోహాలను ఒక వరసలో, రాళ్ళను మరో వరసలో బోర్డుమీద రాసేవాణ్ణి. రెండు వరసల్లోనూ రాయదగిన పదార్థం ఒకటున్నది. అదే టైటానియం డైబోరైడ్. ఉక్కునైనా గీస్తుంది, సుమారు 3,200 డిగ్రీలదాకా కరగదు, అయినా విద్యుత్తును పోనిస్తుంది.

దీనిలో బోరాన్ పరమాణువులు తేనెపట్టు గదుల్లాగా ఆరుమూలల గళ్ళు కట్టి పరుచుకుని ఉంటాయి. వాటి పట్టు చాలా గట్టిది, కాఠిన్యం అందువల్లనే. ఒక బోరాన్ పొర, ఒక టైటానియం పొర, మళ్ళీ బోరాన్ పొర, ఇలా దొంతర. ప్రతి గడి నడిమికి ఎదురుగా ఒక టైటానియం పరమాణువు ఉంటుంది. విద్యుత్తు పారటానికి కావలసిన స్వేచ్ఛ గల ఎలక్ట్రాన్లు టైటానియం చలవే.

ఒక చిన్న లెక్క: గడికి ఆరు మూలలు, ప్రతి మూలనూ మూడు గళ్ళు పంచుకుంటాయి. అయితే గడికి ఎన్ని బోరాన్లు? రెండు! "డై" అంటే రెండే.

ఈ పొడికి బోరాన్ నైట్రైడ్ కలిపి, వేడిమీద అదిమి, చిన్న దోనెలు చేస్తారు. బోరాన్ నైట్రైడ్ మెత్తనిది కనుక దోనెను చెక్కటం తేలిక. దోనెలో విద్యుత్తు పారుతుంటే అల్యూమినియం తీగ దానిమీదికి దిగి, కరిగి, ఆవిరై, పైన పరుగెత్తే ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. దోనె కూడా చివరకు అరిగి గుంటలు పడుతుంది, అప్పుడు మార్చేస్తారు.

పొట్లంలో అచ్చు లేని చోటును బల్బుకు ఎదురుగా పట్టండి. వెలుగు మసకగా కనబడుతుంది. లోహం పొర అంత పలచన!