ఆవు పట్టేంత గుమ్మం

పోయిన నెల వంటింటి మాటలు చూశాం. ఈ నెల వంటింటి వెనక తలుపు తీసి, పశువుల పాక దాకా వెళదాం. పాక అంటే ఆకుతోనో గడ్డితోనో కప్పిన చిన్న కట్టడం. మా పాకకు ఇప్పుడు రేకులున్నాయి. అయినా పేరు మాత్రం పాకే.

మీలో కొందరు నన్ను అడుగుతుంటారు: "మీకు ఆవులున్నాయి, ఇల్లు కట్టుకుంటున్నారు, ఈ శీర్షిక కూడా రాస్తున్నారు. మూడూ ఎలా కుదురుతున్నాయి?" ఈ నెల దానికే జవాబు చెబుతాను. మధ్యలో కొత్త మాటలు వస్తాయి. ప్రతి మాటకూ పక్కనే అర్థం ఉంటుంది. పైకి చదవండి. పక్కన ఎవరైనా ఉంటే ఇంకా మంచిది.

మొదట ఆవు

మాకు రెండు ఆవులు. లక్ష్మి పాలిస్తోంది. గౌరి చూడిది. "చూడి" అంటే కడుపుతో ఉన్న పశువు. ఈ మాట పశువులకే వాడతాం, మనుషులకు వాడం. ఆవు దాదాపు 280 రోజులు దూడను మోస్తుంది. ఆ తర్వాత ఈనుతుంది. తల్లి బిడ్డను కంటుంది, ఆవు దూడను ఈనుతుంది. ఈ తేడా గుర్తుంచుకోండి.

ఆవుకు సెలవు తెలియదు. పొద్దున అయిదుకు పాలు పితికితే సాయంత్రం అయిదుకు మళ్లీ పితకాలి. పెళ్లి ఉన్నా, ఉగాది అయినా, వాన కురిసినా పొదుగు నిండుతుంది. పాలు చేరే చోటు పొదుగు.

ఇక్కడ ఒక మంచి మాట నేర్చుకోండి: "చేపు". నీళ్లలో ఈదే చేపకూ దీనికీ సంబంధం లేదు. పొదుగు కడిగి మెల్లగా నిమిరినప్పుడు, లేదా దూడ మూతి పెట్టినప్పుడు, ఆవు పాలను కిందికి వదులుతుంది. అప్పుడు "ఆవు చేపింది" అంటాం. ఆ సమయంలో ఆవు రక్తంలోకి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ వస్తుంది. దాని బలం కొన్ని నిమిషాలే. అందుకే చేపగానే ఆగకుండా పితకాలి. ఎవరైనా అరిచినా, కుక్క మీదికి వచ్చినా ఆవు బెదిరిపోతుంది. పాలు పైకి లాగేసుకుంటుంది. దాన్ని "ఎగచేపడం" అంటారు. పాలు పితికేటప్పుడు మా పాకలో ఫోను మోగకూడదు. ఇది ఇంటి చట్టం.

ఇక మేత. జూన్ నుంచి డిసెంబరు దాకా మన దీవిలో చెరకు కోత. కోసిన చెరకు కొసలు ఆవుకు దొరుకుతాయి. కడుపు నిండుతుంది కానీ వాటిలో మాంసకృత్తులు తక్కువ. అందుకని దానిలో అకాసియా రెమ్మలు కలుపుతాం. మనం అకాసియా అనే ఈ చెట్టును ఆంధ్రలో సుబాబుల్ అంటారు. దాని ఆకులో బలం ఉంది, మిమోసిన్ అనే విషపదార్థం కూడా ఉంది. అందుకే మేతలో మూడో వంతు దాటనివ్వం. కోతలు లేని నెలల్లో ఫతాక్ గడ్డే దిక్కు. మీ ఇంట్లో చీపురు ఉంటే ఆ గడ్డి మీకు తెలిసే ఉంటుంది.

కోసిన గడ్డిని కట్టగా కడితే "మోపు". మోపును తలకెత్తుకునే ముందు పాత గుడ్డను గుండ్రంగా చుట్టి తల మీద పెట్టుకుంటారు. దాని పేరు "చుట్టకుదురు". ఎంత అందమైన మాటో చూడండి. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కి వచ్చినవాళ్లని ఇక్కడ అందరూ "కోరంగీలు" అన్నారు. ఆ ఇళ్ల ఆడవాళ్లు చెరకు తోటల్లో పని చేసి, తిరిగి వస్తూ మోపు తెచ్చేవారు. పాలు అమ్మి పిల్లల పుస్తకాలు కొన్నారు. సైకిలుకు డబ్బాలు కట్టుకుని తిరిగే మార్శాన్ దిలే మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాడు. ఇప్పుడు ఎక్కువ ఇళ్లలో పాలపొడి డబ్బాయే పాడి. పాడి అంటే ఇంట్లో పాలిచ్చే పశువు ఉండడం, ఆ పాల సమృద్ధి.

తర్వాత ఇల్లు

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని మన సామెత. రెండూ చేస్తే గానీ కష్టం తెలియదని దాని భావం. నేను కడుతున్నది చాలా చిన్న ఇల్లు. పొడవు 16 అడుగులు, వెడల్పు 12. మొత్తం 192 చదరపు అడుగులు. ఒక గది, మూలన వంట, వెనక స్నానాల గది, ముందు చిన్న పంచ. పంచ అంటే ఇంటి ముందు చూరు కింద కూర్చునే చోటు. చూరు అంటే గోడ దాటి బయటికి వచ్చిన కప్పు అంచు.

రేకులు వేసుకుంటే చవకే కదా అని మీరు అనవచ్చు. మన దీవిలో కప్పు గురించి మాట్లాడితే 1960 గుర్తుకు రాక తప్పదు. ఆ ఏడు జనవరిలో ఆలిక్స్ తుఫాను వచ్చింది, ఫిబ్రవరి చివర కారోల్ వచ్చింది. గడ్డి కప్పులు, రేకు కప్పులు వేల సంఖ్యలో లేచిపోయాయి. ఆ తర్వాతే మన ఊళ్లు కాంక్రీటు ఊళ్లయ్యాయి. అందుకే నేనూ దాల్ వేయాలనే అనుకున్నాను. పిల్లలకు ఈ మాట నవ్వు తెప్పిస్తుంది. క్రియోల్‌లో పళ్లెంలో పోసుకునేదీ దాలే, ఇంటి మీద పోసేదీ దాలే. తెలుగులో ఆ గొడవ లేదు. పళ్లెంలోది పప్పు, ఇంటి మీదిది కప్పు.

కాంక్రీటు సమయం ఆవు సమయం లాంటిది కాదు. కలిపాక గంటలోపే పోసి సర్దాలి. అప్పుడు ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ చేయి వేస్తారు. అది అయ్యాక ఎవరికీ తొందర ఉండదు. వారం రోజులు తడిపి ఉంచాలి. కింద పెట్టిన ఆధారాలు మూడు వారాలు తీయకూడదు. 28 రోజులకు గానీ పూర్తి బలం రాదు. ఇసుక కూడా మారింది. 2001 నుంచి లగూన్‌లో ఇసుక తవ్వడం ఆగిపోయింది. ఇప్పుడు నల్లరాతిని పిండి చేసిన ఇసుకే వాడతాం.

ఈ చిన్న కప్పు ఆవులకు కూడా పనికొస్తుంది. 192 చదరపు అడుగుల మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 175 లీటర్ల నీళ్లు. కొంత పోయినా 150 లీటర్లు తొట్టిలో చేరతాయి. పాలిచ్చే ఆవు రోజుకు 60 లీటర్లు తాగినా, రెండు రోజుల పైన సరిపోతుంది. అందుకే కప్పు వాలును పాక వైపు పెట్టాం.

చివరికి రాత

ఆవు ఆగదు. తడి కాంక్రీటు ఆగదు. రాత మాత్రం ఎంతసేపైనా ఆగుతుంది. అదే దాని కష్టం. రేపు రాద్దాం అంటే ఊరుకుంటుంది. ఏడాది తర్వాత రాద్దాం అన్నా ఊరుకుంటుంది. అరవదు, తాడు తెంచుకోదు. అందుకే రాతకు నేను కొత్త వేళ వెతకలేదు. దాన్ని ఆవుకే కట్టేశాను. సాయంత్రం పాలు వడగట్టి, చెంబులు కడిగి, పాక గుమ్మం దగ్గర పీట మీద కూర్చుంటాను. ఆవులు నెమరు వేస్తుంటాయి. తిన్న మేతను మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నమలడం నెమరు. మనుషులు పాత సంగతులను తలుచుకోవడాన్ని కూడా "నెమరు వేసుకోవడం" అంటాం. అరగంట రాస్తాను. అలసిపోయిన రోజున మూడే వాక్యాలు. కానీ ఆ మూడూ తెలుగులోనే.

ఏం రాస్తానంటారా? మా పెద్దమ్మ మాటలు. ఆమెకు 83 ఏళ్లు. మనుషులతో క్రియోల్‌లో మాట్లాడుతుంది. ఆవులతో మాత్రం తెలుగులో మాట్లాడుతుంది. "రా తల్లీ", "జరుగు", "కాలు తియ్యి", "ఉండు, ఉండు, అయిపోయింది". పేడ ఎరువును "గత్తం" అంటుంది. అది ఉత్తరాంధ్ర మాట. బడి పుస్తకాల్లో నాకు ఎక్కడా కనబడలేదు. చేపు, ఎగచేపు, చుట్టకుదురు, గత్తం, వీటన్నిటినీ నేను పాకలోనే నేర్చుకున్నాను.

ఈ మధ్య ఒకాయన వచ్చి గౌరిని కొంటానన్నాడు. మంచి ధరే చెప్పాడు. ఆ డబ్బుతో ఇల్లు రెట్టింపు చేయవచ్చు. 12 అడుగుల చోట 24, ఇంకో గది. ఆవు లెక్క కూడా మీకు దాచను: దాణా, మందులు, రవాణా పోగా పాల డబ్బు పెద్దగా మిగలదు. కూరగాయల మడికి గత్తం మిగులుతుంది, ఇంటికి పాలు మిగులుతాయి. నా వయసూ పెరుగుతోంది. అమ్మేయమని చెప్పినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు.

రెండు రోజులు ఇంట్లో అందరం మాట్లాడుకున్నాం. పెద్దమ్మ ఏమీ అనలేదు. మేస్త్రీ గుమ్మానికి కొలత తీస్తుంటే మాత్రం దగ్గరికి వెళ్లి అడిగింది: "ఆవు పట్టేంత గుమ్మం పెడుతున్నావా?" గుమ్మం అంటే తలుపు బిగించే చట్రం, ఇంట్లోకి వెళ్లే దారి. గృహప్రవేశం రోజున ఆవును, దూడను ముందు ఇంట్లోకి నడిపించడం మన ఆచారం. మేస్త్రీ రెండున్నర అడుగులు చాలన్నాడు. ఆమె మూడు అడిగింది. చిన్న ఇంట్లో అర అడుగు గోడ పోవడం చిన్న విషయం కాదు. అక్కడ నా పుస్తకాల అర రావాలి.

గుమ్మం మూడు అడుగులే పెట్టాం. గౌరిని అమ్మలేదు. ఇల్లు 16 బై 12 దగ్గరే ఆగింది. ఆవు పోతే పాలు దుకాణంలో దొరుకుతాయి. పెద్దమ్మ తెలుగులో మాట్లాడడానికి మాత్రం ఇంట్లో ఎవరూ మిగలరు. మేం ఉన్నాం కదా అంటే, మాతో మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. ఇప్పుడు నేను పాకలో ఉన్నప్పుడు ఆమె ఆవుతో ఒక మాట అంటే, దానికి నేను తెలుగులో జవాబిస్తున్నాను. మొదట్లో వింతగా చూసింది. ఇప్పుడు ఒక్కోసారి నా వైపు తిరిగి రెండో మాట కూడా అంటోంది.

ఇక మూడూ కుదిరే లెక్క చెబుతాను. ఈనడానికి దాదాపు 60 రోజుల ముందు చూడి ఆవు పాలు పితకడం ఆపేయాలి. పొదుగుకు విశ్రాంతి, కడుపులో దూడకు బలం. దీన్ని "వట్టగట్టడం" అంటారు. గౌరిని ఈ వారమే వట్టగట్టాం. అంటే రోజుకు ముప్పావు గంట నాకు మిగిలింది. అది ఇంటికి ఇచ్చాను. వచ్చే నెల మధ్యలో కప్పు పోస్తాం. నవంబరు మొదట్లో ఆధారాలు తీస్తాం. అప్పటికి తుఫానుల కాలం మొదలవుతుంది, గౌరి కూడా ఈనే వేళవుతుంది. ఆ రోజుల్లో ఇంటి పని ఉండదు. పుట్టిన దూడకు మొదటి కొన్ని గంటల్లోనే ముర్రుపాలు తాగించాలి. ఈనగానే వచ్చే చిక్కటి పాలు ముర్రుపాలు. దూడకు రోగాలను తట్టుకునే శక్తి వాటి నుంచే వస్తుంది. దూడ తాగగా మిగిలితే మనకు జున్ను. సాయంత్రం అరగంట మాత్రం ఎవరికీ ఇవ్వను.

మీకు ఆవు ఉండకపోవచ్చు. బస్సులో అరగంట ఉంటుంది, అన్నం ఉడికే పావుగంట ఉంటుంది. రాతను ఏదో ఒక తప్పని పనికి కట్టేయండి. విడిగా వదిలితే అది రాదు.

ఈ నెల అభ్యాసం

ఒకటి. ఈ మాటలతో ఒక్కొక్క వాక్యం రాయండి: చూడి, ఈను, చేపు, మోపు, చుట్టకుదురు, చూరు, గుమ్మం, నెమరు.

రెండు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడు తెలుగు మాట్లాడతారో గమనించండి. దేవుడితోనా, పశువుతోనా, కోపం వచ్చినప్పుడా, లెక్కపెట్టేటప్పుడా? ఆ మాటను విన్నది విన్నట్టే రాయండి. తప్పులు దిద్దవద్దు.

మూడు. వాళ్లు అన్న మాటకు తెలుగులో ఒక జవాబు ఇవ్వండి. ఒక్క మాటైనా చాలు.

మీరు రాసినవి పంపండి. వచ్చే నెల మరో నాలుగు మాటలతో కలుద్దాం. పెద్దవాళ్లందరికీ నా నమస్కారాలు చెప్పండి.