టార్చిలైటుకు తగిన సెల్లు

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి వదలిన నీటితో తాపీ నది పొంగి, సూరత్ నగరంలో అధికభాగం మునిగిన సంగతి ఇక్కడి మన తెలుగు కుటుంబాలకు విదితమే. కరెంటు లేని అట్టి రాత్రులలో మంచి టార్చిలైటు ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. అందుచేత శక్తిమంతమైన టార్చీలలో వాడే 18650 రకపు లిథియం అయాన్ సెల్లును గురించి ఈమారు ముచ్చటిస్తున్నాము.

ఆ అంకెలో 18 మిల్లీమీటర్లు వ్యాసం, 65 మిల్లీమీటర్లు పొడవు. బజారులో 9,900 మిల్లీ ఆంపియర్ అవర్లు అని ముద్రించిన సెల్లులు చవకగా లభిస్తాయి. ఆ అంకెను నమ్మరాదు. ఈ పరిమాణంలో పేరున్న తయారీదారుల సెల్లులు సాధారణంగా 2,500 నుండి 3,500 వరకే ఉంటాయి. మంచి సెల్లు సుమారు 45 గ్రాములు తూగుతుంది. మరీ తేలికైనదానిని అనుమానింపవలసినదే. వంకాయలను తూచి కొనే మనము సెల్లును తూచుటకు మొహమాటపడనేల?

నిలువ ఒక్కటే చాలదు. 10 వాట్ల దీపం సెల్లు నుండి దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది. అంత ఇవ్వగలదా అని విచారించి కొనవలెను. అప్పటికీ 2,600 సెల్లుతో ఆ పూర్తి వెలుగు గంటసేపు కూడా నిలువదు; వరద రాత్రి తక్కువ వెలుగునే వాడుకొనుట మేలు. రక్షణ సర్క్యూటు అమర్చిన సెల్లు కాస్త పొడవుగా ఉంటుంది గనుక టార్చిని దుకాణానికి వెంట తీసుకొనిపోవలెను. ఛార్జరు 4.2 వోల్టుల వద్ద ఆగిపోయేదై ఉండవలెను.

మండే వాయువులుండే ప్లాంటు ప్రాంతాలలోనికి మాత్రం ఈ ఇంటి టార్చిని తేరాదు. అక్కడికి ధ్రువీకరణ పొందిన ప్రత్యేక టార్చీలే వాడవలెను.