గడీలో చాకిరీ, నాచారంలో షిఫ్టు

కూలిపోయిన వ్యవస్థను సినిమా ఎలా చూపాలి? కమ్యూనిస్టు తూర్పు జర్మనీ మీద 2006లో వచ్చిన ‘ది లైవ్స్ ఆఫ్ అదర్స్’ నిఘాను చూపింది. 2003 నాటి ‘గుడ్ బై లెనిన్’లోనేమో, బెర్లిన్ గోడ కూలాక అంగళ్లలో దొరకని తూర్పు జర్మనీ దోసకాయ ఊరగాయ కోసం, తల్లి కోసమని, కొడుకు వెతుకుతాడు. ఇలాంటి వివరాలు నియంతృత్వాన్ని ముద్దుగా చూపుతాయని కొందరి అభ్యంతరం. ఆ భయం కొట్టిపారేయదగ్గది కాదు. అయితే దానికి జవాబు మన దగ్గరే ఉంది. బి.నరసింగరావు సినిమా ‘దాసి’ (1988) ఉపన్యాసాల జోలికి పోకుండా, నిజాం కాలపు గడీలో రోజువారీ చాకిరీని, దొర పిలిస్తే కాదనలేని బతుకును చూపింది. నటి అర్చన ముఖంలో ఆ దౌర్జన్యమంతా కనబడుతుంది.

రోజువారీ బతుకును చూపాలన్న ఇదే కొలత హైదరాబాద్‌లోని నాచారానికీ పెట్టాలి. ఎన్టీఆర్ రామకృష్ణ స్టూడియో వెలసిన చోటే పారిశ్రామికవాడ కూడా ఉంది. కానీ షిఫ్టు దిగి ఉప్పల్ వైపు నడిచే కాంట్రాక్టు కార్మికుడి టిఫిన్ డబ్బా, ఓవర్‌టైమ్ లెక్క, ఇరుకు అద్దెగది మన తెర మీద అరుదు. జెండా పట్టి సమ్మెకు దిగితేనే అతను కథానాయకుడు. జనం చూడరంటారా? ‘మా భూమి’ లాంటి సినిమా కూడా హైదరాబాద్‌లో ఉదయం ఆటలతోనే నెలల తరబడి ఆడింది. ఆ ప్రేక్షకుల పిల్లలే ఇవాళ టికెట్లు కొంటున్నారు.