అడ్మిషన్ రిజిస్టరులో ఒక గడి

ముప్పై యేళ్లకు పైబడి తెలుగు పండితుడిగా పనిచేసినాను. నా చేతివ్రాత ఎక్కువగా మిగిలి ఉన్నది పద్యాలలో కాదు, అడ్మిషన్ రిజిస్టర్లలో. జూన్ మాసం రాగానే తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చేవారు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ వరకు కలం ఆగకుండా సాగేది. మతము, కులము అనే గడి దగ్గర ఆగేది.

ముందటి ఆదివారం చర్చిలో నా పక్కన కూర్చొని పాట పాడిన మనిషే నా ముఖం చూడకుండా "హిందూ అని రాయండి మాస్టారూ" అనేవాడు. చర్చిలో పిలిచే పేరు ఒకటి, బడిలో వ్రాయించే పేరు ఇంకొకటి. నేను వ్రాసేవాణ్ణి. అతడు అబద్ధమాడినాడని అనవచ్చును గాని, వ్రాసిన చేయి నాది. నేనూ క్రైస్తవుడినే. మా నాయన ఉన్నదున్నట్లు వ్రాయించినందున నాది బి.సి.-సి. అయినది.

ఈ చిక్కంతా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడవ పేరాతో మొదలైనది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాజాలడని దాని భావం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచినారు. క్రైస్తవులకు, ముస్లిములకు తెరవలేదు. ఎస్సీలకు పదిహేను శాతం ఉండగా, వారిలోనుండి క్రైస్తవులైనవారికి మన దగ్గర దక్కినది బి.సి.-సి. కింద ఒక్క శాతం. మతానికీ ఈ హోదాకూ ముడి తీసివేయవలెనని రంగనాథ మిశ్రా కమిషన్ 2007లో చెప్పినది. 2022లో ఇంకొక కమిషన్ వేసినారు. విశ్వాసం లేకుండా రిజర్వేషన్ కొరకే హిందువునని చెప్పుకొనడం రాజ్యాంగాన్ని మోసగించడమని 2024లో సుప్రీంకోర్టు అన్నది. కోర్టు మాట తప్పని నేననను. అయితే మోసం ఒక్కవైపే ఉన్నదా?

బాప్తిస్మం పొందగానే అంటరానితనం పోతుందని ఆ ఉత్తర్వు భావన. మాలపల్లెకు ఒక చర్చి, మాదిగపల్లెకు ఒక చర్చి ఉన్న ఊళ్లు నేనెరుగుదును. 'గబ్బిలం' (1941) వ్రాసిన జాషువాగారు క్రైస్తవులే గదా! ఉత్తర్వు వ్రాసినవారు ఆ కావ్యం చదివి ఉండరు.

కూటి కొరకు కోటి విద్యలలో మతమార్పిడి ఒకటని మమ్మల్ని ఎగతాళి చేసేవారు నేటికీ ఉన్నారు. వారికి ఒంగోలు కథ చెప్పవలెను. 1876-78 మహా కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుగా తీసుకొని వేలమందికి పని కల్పించినాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగినారు. కరవు సాయం నడుస్తున్నన్నాళ్లూ ఇవ్వలేదు. ఆకలితో వచ్చినవాడెవడో, నమ్మి వచ్చినవాడెవడో తెలియదు గనుక. సాయం ఆగిన తరువాత కూడా జనం వచ్చినారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందినారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఇక గింజలు దొరకవని తెలిసి వచ్చినవారు వారు. వారి మునిమనుమలు నేడు క్రైస్తవులమని పైకి చెబితే దొరికేది ఏమీ లేదు, పోయేదే ఉన్నది. ఎగతాళి చేసేవారు ఈ లెక్క ఎందుకు వేయరో!

అయినా నా కోపం వారికంటె మా పెద్దలమీదనే ఎక్కువ. సర్టిఫికెట్టు కొరకు కలం దగ్గర తల వంచిన కూలివాణ్ణి పీటరువలె బొంకినాడని ప్రసంగాలలో మందలిస్తారు. ఎన్నికల ముందటి క్రిస్మసుకు అభ్యర్థిని వేదిక మీదికి పిలిచి, కేకు కోయించి, తలమీద చేతులుంచి విజయం కొరకు ప్రార్థిస్తారు. మరుసటి వారం ఎదుటి పార్టీవాడు వస్తే అతనికీ అదే ప్రార్థన! ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం పాస్టర్లకు నెలకు రూ.5,000 గౌరవ వేతనం పెట్టినప్పుడు నేను తప్పు పట్టలేదు. పేద పాస్టరు ఇంట అది చిన్న మొత్తం కాదు, అర్చకులకూ ఇమాములకూ ఇచ్చినారు. కాని ఆ డబ్బు వచ్చిన తరువాత, మూడవ పేరా ఎప్పుడు తీస్తారని ఓట్లడగ వచ్చిన నాయకుణ్ణి చర్చిలో నిలబెట్టి అడిగిన పాస్టరును నేను చూడలేదు. కూలివాడు బొంకినది బిడ్డ చదువు కొరకు. వీరు మౌనం వహించినది దేనికొరకు?

ఆ గడిలో నేను "హిందూ" అని వ్రాసిన పిల్లవాడొకడు ఇప్పుడు ప్రభుత్వోద్యోగి. మొన్న అతని తండ్రి పోయినాడు. రాత్రి పొద్దుపోయిన తరువాత ఫోను చేసి, "మాస్టారూ, నాన్నకు మీ పాటంటే ఇష్టం, ఒక్కసారి వచ్చి పాడి పోండి, ఎక్కువమందికి చెప్పకండి" అన్నాడు. వెళ్లి, తలుపులు మూసిన గదిలో పాడి వచ్చినాను. నెల తరువాత సమాధి కట్టించినాడు. దానిమీద తండ్రి పేరు, తేదీలు ఉన్నవి. సిలువ ఉండవలసిన చోట సున్నం కొట్టించినాడు.