రిపోర్టు నెగటివ్ అయితే నొప్పి అబద్ధమా?

అత్యాచారం జరిగాక వారాల తరబడి పొత్తికడుపు నొప్పి, మూత్రంలో మంట, నిద్రలేమి వేధించవచ్చు. పరీక్షల్లో ఏమీ తేలలేదని ‘అంతా నీ భ్రమ’ అనేయడం వైద్యం కాదు. తీవ్రమైన భయం కండరాలు బిగుసుకునేలా చేస్తుంది, పేగుల పనితీరును దెబ్బతీస్తుంది. ఆ నొప్పి నిజమైనదే. పైగా హెచ్‌ఐవీ సోకకుండా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే మాత్రల వల్ల కూడా వికారం, నీరసం రావచ్చు. ఈ ఒక్క మాట మాత్రలు చేతికిచ్చేటప్పుడే చెబితే, ప్రతి వాంతినీ బాధితురాలు జబ్బు లక్షణంగా భావించి హడలిపోదు.

పదేపదే పరీక్షలు చేస్తే భయం ముదురుతుందని కొందరు వైద్యులు అంటారు. అందులో కొంత నిజముంది. కానీ భయం వేసినప్పుడల్లా ల్యాబుకు పరుగెత్తడం వేరు, ముందే తేదీలు రాసివ్వడం వేరు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ తొలి రోజుల్లో పరీక్షకు దొరకకపోవచ్చు. అందుకే ఆరు వారాలు నిండాక ఒకసారి, మూడు నెలలు నిండాక ఇంకోసారి మళ్లీ చూడాలి. ‘ముందు కేసు సంగతి తేలనీ, చికిత్స తర్వాత’ అనేవారికి చట్టమే జవాబు. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ బాధితురాలికి వెంటనే ఉచిత చికిత్స అందించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ ఆదేశిస్తోంది. నిరాకరించడం శిక్షార్హమైన నేరం. సాక్ష్యాల సేకరణతో ఆ బాధ్యత తీరినట్టు కాదు. తదుపరి పరీక్షల తేదీలు, మందుల దుష్ప్రభావాలు, కౌన్సెలర్ ఫోన్ నంబరు రాసిన చీటీ లేకుండా ఏ ఆసుపత్రీ ఆమెను ఇంటికి పంపకూడదు.